తాళంచెవి వేరే

పర్లాకిమిడి స్టేషన్ రోడ్డులో
మా నాన్న కొమ్ము దువ్వెనలు కోసిన గదిలోనే
రెండు టీవీలు పెట్టాను.
ఆట గంటకి ఇరవై.
గోడల్లో ఇంకా కాలిన కొమ్ము వాసన,
వానాకాలం అయితే మరీను.

ఆట పేరు చెప్పను.
పేరు పలికినందుకు కూడా బిల్లు వేస్తారేమో.
డిస్కు నాలుగు వేలు.
బరంపురం నుంచి బస్సులో
కోడిగుడ్ల అట్టలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

నలభై రోజులు.
దాలినాయుడు, త్రినాథ,
ఒడియా బళ్లో చదివే బుబున్,
ట్యూషన్ ఎగ్గొట్టి వచ్చే హైమ.
పడవ నడిపారు, పులుల్ని తప్పించుకున్నారు,
దీపం లేని సొరంగంలో పదకొండుసార్లు చచ్చారు.
చచ్చిన ప్రతిసారీ "ఒలమ్మో" అంటూనే చచ్చారు,
బుబున్ కూడా.

నలభై ఒకటో రోజు సముద్రపు కోట వచ్చింది.
తలుపు.
తలుపు మీద మెరిసే బంగారు బొత్తాం:
ఈ అధ్యాయం విడిగా అమ్మబడును.
పద్నాలుగు వందల తొంభై తొమ్మిది.

"ఇదేటన్నా, ఆటంతా కొనీసినాం కదేటి?
లోపలికెల్డానికి మళ్లీ టిక్కెట్టేటి?"

ఏం చెప్పను?
ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టేవాళ్లని విన్నాను.
వీడు ఏనుగుని అమ్మి
తొండం తన దగ్గరే ఉంచుకున్నాడు.
నాన్న ఉంటే అనేవాడు,
దువ్వెన అమ్మి పళ్లకి వేరే లెక్క రాస్తే
ఏ తలకాయ ఊరుకుంటుందిరా అని.

వసూళ్లు మొదలయ్యాయి.
పాతపట్నం సంతలో బస్తాలు మోసి
దాలినాయుడు తెచ్చిన వంద,
హైమ జామెట్రీ డబ్బా అడుగున మడత విప్పని రెండు యాభైలు,
బుబున్ రథయాత్ర చిల్లర.
త్రినాథ ఏమీ తేలేదు,
వారం రోజులు తన వంతు ఆట అందరికీ ఇచ్చేశాడు.
తక్కిందంతా నాది.

ముప్పై ఎనిమిది జీబీ.
నా ఫోను ఒక పూట ఆంధ్రా టవరు పట్టుకుంటుంది,
ఒక పూట ఒడిశా టవరు.
రెండూ నన్ను పక్కింటి పిల్లాడిలాగే చూస్తాయి.
అరవై ఒకటో శాతం దగ్గర కరెంటు పోయింది.
మూడో రాత్రికి దిగింది.

తలుపు తెరుచుకుంది.
లోపల మూడు గదులు,
ఒక కొత్త టోపీ.
గంటంబావులో అంతా అయిపోయింది.
చివర్న ఓడ మీద ఎవడో ముసుగు మనిషి చెయ్యి ఊపాడు.
కింద అక్షరాలు:
కథ తరువాయి భాగంలో.
ముందుగా కొన్నవారికి గుర్రం ఉచితం.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది.
హైమ కంట్రోలర్‌ని ఎంగిలి పళ్లెంలా పక్కకి నెట్టింది.
"దొంగ నాయాళ్లు," అన్నాడు దాలినాయుడు.
"చోరొ," అన్నాడు బుబున్, ఈసారి సొంత భాషలో.
త్రినాథ ఏమీ అనలేదు.
వాడి చూపు నా తల మీదుగా గోడకి పోయింది.

ఎర్ర ఎనామిలు. నా రాతే.
రెండో కంట్రోలర్ ఐదు రూపాయలు అదనం.
ఫ్యాను వేస్తే రెండు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

వాళ్లు వెళ్లాక
గుడ్డ కిరసనాయిల్లో తడిపి రుద్దాను.
చుట్టూ ఉన్న సున్నం ఊడింది.
'అదనం' మాత్రం
ఇంకా ఎర్రగా తేలింది.

మర్నాడు నలుగురూ వచ్చారు.
మొదటి అధ్యాయమే పెట్టమన్నారు,
పడవవాడు ఏమీ అడక్కుండా
ఏరు దాటించే చోటు.
త్రినాథ రెండో కంట్రోలర్ అందుకుని
నాకేసి చూడకుండా
బల్ల మీద ఐదు రూపాయల బిళ్ల పెట్టాడు.

దుకాణం కట్టేవేళ దాకా
అది అక్కడే ఉంది.
వాడూ ముట్టలేదు,
నేనూ ముట్టలేదు.